పద్నాలుగు నిమిషాలు

సిరొంచల నా స్టూడియో పెండ్లిళ్ల మీద బతుకుతది.
తలంబ్రాలకు స్లో మోషన్, అప్పగింతలకు వయొలిన్,
పిల్ల కన్నీళ్ల మీద గులాబీ రేకులు రాల్చే సాఫ్ట్‌వేర్.
ఏడుపు నా కెమెరాకు కొత్తేం కాదు.

ఆ రాత్రి అంకీసల
పత్తి గోదాం గోడకు దుప్పటి కట్టినం.
పెన్‌డ్రైవ్ తెచ్చింది సర్వర్ మియా,
కువైట్‌ల పదకొండేండ్లు నీళ్ల ట్యాంకర్ తోలినోడు.
సిన్మ అరబ్బీల. కింద అక్షరాలు లేవు.
దుప్పటి పక్కన నిలవడి
ఒక్కో మాట తెలుగుల చెప్పుకుంట పోయిండు,
దొరకని కాడ మరాఠీల,
అదీ దొరకని కాడ చేతులతోటి.

ఒకామె. పేరు చెప్పదు, మొఖం చూపదు.
సంచిల కెమెరా దాసుకొని
రొట్టెల లైన్ల నిలవడ్డది.
గోనె పోగుల సందుల నుంచి
ముక్కలు ముక్కలుగ బజారు,
సగం మనిషి, పావు తుపాకి,
ఆకలికి ముందుకు జరిగే చెప్పులు.
"గోడలకు చెవులున్న ఊర్ల
సంచికి కన్ను పెట్టిన అంటాంది"
అన్నడు సర్వర్ మియా.

గంతల్నే ఉరుకుడు.
సంచి కింద పడ్డది.
దుప్పటి మీద బజారు అడ్డంగ ఒరిగింది.
ఎవలదో ఒంటి చెప్పు, దొర్లి ఆగిన టమాట.
ఇంక బొమ్మ కదలదు, గొంతులే.

సర్వర్ మియా చెప్పుడు ఆపిండు.
"ఏమంటున్రు?" చీకట్ల ఎవలో అడిగిన్రు.
"పేర్లు పిలుస్తున్రు.
పేర్లకు తెలుగు ఉండదు గద."

బొల్లె పోసక్క లేచి నిలవడ్డది.
"ఆమె బతికున్నదా?"
"సిన్మ ఇక్కడిదాంక వచ్చిందంటే
ఎవలో ఒకలు బతికిన్రు."

నేను తల ఎత్తలే.

పోయిన శ్రావణం, వెనక నీళ్లు ఎక్కిన్నాడు,
పోసక్క మిర్చి చేన్ల తొడలబంటి నీళ్లల్ల దిగి
సాత్‌బారా కాయితం నెత్తికెత్తి పట్టుకొని
గట్టు యాడుండెనో కాలితోటి దేవులాడి చూపింది.
పద్నాలుగు నిమిషాలు తీసిన.
తెల్లారి ఠాణాకు పిలిచిన్రు. కొట్టలే, తిట్టలే.
చాయ్ పోసి, "పెండ్లిళ్ల సీజన్ గద, మంచిగుండు" అన్నరు.
గంతే.
"నిజంగ చెరపాల్నా?" అని అడిగింది
ఒక్క కెమెరానే.
ఔనన్నది నా బొటనేలు.

ఇయ్యాల పంచనామా.
నీళ్లు పోయినయ్, ఒండ్రు పెంకు కట్టింది,
మిర్చి కట్టెలు కాలిన అగ్గిపుల్లల లెక్క.
తలాఠీ సారు టేపు పట్టుకొని దిగి
నా భుజం మీది కెమెరా చూసి నవ్విండు:
"ఎవరి లగ్నం?"
రాత్రంత అనుకున్న జవాబు ఒకటుండె,
యాది రాలే.
ఎర్ర బుగ్గ మాత్రం వెలిగింది.
చెయ్యి వణికింది. వణుకు కూడ పడ్డది బొమ్మల.
కలం దగ్గరికి జూమ్ చేసిన:
"నుక్సాన్, కొంత" అని రాస్తాండు.

పోసక్క మళ్ల నడిచింది,
కాలితోటి గట్టు దేవులాడుకుంట.
నీళ్లు లేని చేన్ల ఆ నడక
నాటకం లెక్కనే కనిపిస్తది. చూసెటోళ్లు నమ్మరు.
పోయిన పద్నాలుగు నిమిషాలు పోయినయే.
అయినా కట్ చేయలే.

తొవ్వ మీద జీపు సప్పుడు.
పోసక్క నా దిక్కు వచ్చి
జొన్నరొట్టె మూట చెంగుల ఏసుకొని
సద్ది సంచి కాళీ చేసి నా చేతుల పెట్టింది.

"మూలకు ఎలుక కొరికిన బొక్క ఉన్నది, బిడ్డా.
సరిపోతదేమో చూడు."